రికార్డుల ప్రకారం

"లేదు" అనకండి సార్.
"మా దృష్టికి రాలేదు" అనండి.
"గ్యాస్" అనొద్దు, "వాసన" అనండి,
వాసన మీద ఎవరూ కేసు పెట్టరు.
చేతులు బల్ల మీదే ఉంచండి.
దాహమేసినా ప్రశ్న మధ్యలో నీళ్లు తాగకండి,
గుటక మింగడం కెమెరాలో పడుతుంది.

ఇదీ నా ఉద్యోగం.
మైపాడు రోడ్డులో రొయ్యల ప్లాంటు.
తెల్లారుజామున రెండో షెడ్డులో అమ్మోనియా పైపు ఊడింది.
పది గంటలకల్లా నాలుగు వాక్యాలు వండి
ఉప్పు సరిచూసి
మేనేజరు నోట్లో పెట్టాను.

నేనూ ఒకప్పుడు అటువైపు కుర్చీలో కూర్చున్నదాన్నే.
ఒంగోలులో, డెస్కు మీద, మూడేళ్లు.
"కానీ" ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో
అక్కడే నేర్చుకున్నాను.

గేటు బయట షామియానా, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు,
మలైకాజా డబ్బాలు.
మైకులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ
మేనేజరు గడ్డం కింద మూగాయి,
మేత చల్లిన గుంటలో రొయ్యల్లా.
టౌను నుంచి వచ్చిన కుర్రాళ్లు గొంతు పెంచి అడిగారు.
గొంతు పెంచేవాళ్లంటే నాకు భయం లేదు,
వాళ్లకి కావాల్సింది ఆరున్నర వార్తలకి ఇరవై సెకన్లు.
ఇచ్చి పంపాను.

కాలేషా ఏమీ అడగలేదు.
ఇందుకూరుపేట విలేకరి. జీతం లేదు.
ఉన్నదల్లా ఒక గుర్తింపు కార్డు, ప్రకటనల మీద కమీషను.
ఆగస్టు పదిహేనుకి మా కంపెనీ ఇచ్చిన అరపేజీ
ఆయన కూతురి బడి ఫీజు. ఆ సంగతి నాకు తెలుసు.
నాకు తెలుసని ఆయనకీ తెలుసు.
కాజా డబ్బా తీసుకున్నాడు, దాచుకోలేదు కూడా.
"మా పాపకి" అని సంచిలో పెట్టుకున్నాడు.

అందరూ లేచాక అడిగాడు:
"షెడ్డులో ఎంతమంది ఉండారు మేడం?"

"రికార్డుల ప్రకారం పదకొండు మంది."

అబద్ధం కాదు.
రాత్రి షిఫ్టుకి వేలిముద్రల మిషను తీసిన కాగితం
నా ఫైల్లోనే ఉంది. పదకొండు పేర్లు.

ఆయన రాసుకోలేదు.
"మా పక్కింటి చెంచమ్మ, ఆరేళ్లుగా మీ కాడ రొయ్య తలలు తీస్తా ఉండాది.
రేషను కొట్లో మిషను ఆమె వేలు పట్టదు మేడం.
ఈ వేలు పెడతది, ఆ వేలు పెడతది, చీర కొంగుకి తుడిచి మళ్లీ పెడతది.
ఐసులో నానీ నానీ గీతలు పోయినయ్యంట.
మీ మిషను ఎట్ట పడతది?"

పట్టదు. నాకు తెలుసు.
అందుకే సూపర్వైజరు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది,
మిషను కాదన్నవాళ్ల పేర్లు పెన్సిలుతో రాసేది.
దాన్ని రికార్డు అనరు. అది పుస్తకం.
ఆ తేడా
ఆ పొద్దున నేనే కనిపెట్టాను.

"ఈ విషయం మా దృష్టికి..."
అంతవరకే వచ్చింది.
గుటక మింగాను.
కెమెరాలు సర్దేసుకున్నారు గనక ఎవరికీ కనపడలేదు,
ఆయనకి తప్ప.

మరునాడు జిల్లా పేజీలో ఓ మూల, రెండంగుళాలు.
రికార్డుల ప్రకారం పదకొండు మంది అని సంస్థ ప్రతినిధి చెప్పారు.
పెద్దాసుపత్రి చీటీల ప్రకారం ఇరవై ఆరు మంది.
రెండు వాక్యాలు, మధ్యన ఒక చుక్క.
"కానీ" రాయలేదు.
రాసుంటే
దాని మీద ఖండన పంపి ఉండేదాన్ని.

హైదరాబాదు నుంచి ఫోను.
చిన్న వార్తతో పోయింది, బాగా చేశావన్నారు.
దీపావళికి ఆ పేపరుకి ప్రకటన ఆపమన్నారు.
సరే సార్ అన్నాను.

గేటు దాటుతూ వేలు పెట్టాను.
మొదటిసారికే పచ్చలైటు.
"ధన్యవాదాలు" అంది మిషను,
ఆడగొంతుతో, ఎక్కడా తడబడకుండా,
నేను నేర్పినట్టే.